చేవ్రాత, భాండారం: కంప్యూటరు తెలుగులో ఒక పాత పేచీ

ప్రోగ్రామింగు నేర్చుకొనేవారు ప్రతిదీ తామే రాసుకోవాలా, లేక ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలను తెచ్చి వాడుకొంటూ ముందుకు సాగాలా? ఈ పేచీ ఎంత పాతదో నాకు చాలాకాలం తెలియదు. నా మట్టుకు నాకు అది 1996లో, శృంగవరపుకోటలో మొదలైంది.

అరకు బస్సులు ఆగే కూడలికి దగ్గరలో ఒక మేడగది. మూడు కంప్యూటర్లు, పద్నాలుగు మందిమి. కరెంటు ఉన్నంతసేపు వంతులవారీగా యంత్రం ముందు, పోయినప్పుడు కిటికీ దగ్గర కాగితం ముందు కూర్చొనేవాళ్ళం. నిజానికి మాకు వచ్చిన కాస్తంత విద్యా కాగితం దగ్గరే వచ్చింది. మా మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. సీ భాషలో ఒక అక్షరమాలికను మరోచోటికి నకలు చేయడానికి, దాని పొడవు కొలవడానికి ఫంక్షన్లు తయారుగా ఉంటాయి. వాటిని మేము స్వయంగా రాసి చూపించేదాకా తాకడానికి వీల్లేదు.

"అవి ఉన్నాయి కదండీ మాస్టారూ, మళ్ళీ రాయడం ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నాయని తెలిసింది నీకు. ఎలాగున్నాయో తెలీలేదు కద బాబూ" అన్నారు.

రాశాను. పది వరుసలు కూడా లేవు. మాలిక చివర సున్న పెట్టడం మరచిపోయాను. తెర మీద నా పేరు వచ్చింది, దాని వెనుకే ఎక్కడెక్కడి పిచ్చి గుర్తులూ వచ్చాయి, ఆపైన యంత్రం బిగుసుకుపోయింది. సీ భాషలో అక్షరమాలికకు తన పొడవు తనకు తెలియదనీ, సున్న కనబడేదాకా గుడ్డిగా నడుచుకుంటూ పోవడమే దాని పద్ధతనీ ఆ సాయంత్రం తెలిసినంత గట్టిగా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. 1988లో అంతర్జాలాన్ని అతలాకుతలం చేసిన మోరిస్ పురుగు దూరిన దారులలో ఈ గుడ్డినడక ఒకటని తరువాత చదివాను. అక్కడ తలుపు తెరచిపెట్టినది ఎవరో కుర్రవాడి చేతిరాత కాదు; వచ్చిన మాటకు హద్దెంతో అడగకుండా లోపలికి తీసుకొనే 'గెట్స్' అనే లైబ్రరీ ఫంక్షను. దానిని సీ ప్రమాణం నుంచి తొలగించడానికి 2011 దాకా పట్టింది.

లైబ్రరీ అన్నమాట ఇక్కడ ఉపమానంగా పుట్టలేదన్న సంగతి నాకు ఇష్టమైన విషయాలలో ఒకటి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే యంత్రం 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపింది. కొద్ది కాలానికే, దానిని కట్టించిన మారిస్ విల్క్స్‌కు మెట్లెక్కుతూ ఎక్కుతూ ఉండగా ఒక సత్యం స్ఫురించిందట: తన శేషజీవితంలో మంచి భాగం తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకడానికే సరిపోతుందని! దానికి విరుగుడుగా ఆయన శిష్యుడు డేవిడ్ వీలర్, ఒకసారి సరిగ్గా రాసిన ముక్కను పదిమందీ వాడుకొనే ఉపాయం కనిపెట్టాడు. ఆ ముక్కలను కాగితపు టేపుల మీద చిల్లులుగా పొడిచి, ఒక బీరువాలో పేర్చి ఉంచేవారు. కావలసినవాడు వెళ్ళి టేపు తీసుకొని, తన టేపు మీదికి నకలు దింపుకొని, మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి. మన శాఖా గ్రంథాలయం పద్ధతే. విల్క్స్, వీలర్, గిల్ కలిసి ఆ విద్యను 1951లో పుస్తకంగా వేశారు. మరుసటి ఏడు ఒక వ్యాసంలో వీలర్ ఇంకొక మాట కూడా చెప్పాడు. ముక్కను రాయడంతో పని తీరదు, లోపలి సంగతి తెలియనివాడు కూడా వాడుకొనేలా దాని వివరణ రాయాలి, బహుశా అన్నిటికన్నా కష్టమైన పని అదే, అని. లైబ్రరీలు పుట్టి మూడేళ్ళయినా కాకముందే దాని కష్టం ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయిందన్నమాట.

అయితే భాండారంలో ఉన్నదంతా మేలిమి బంగారమేనా? అందుకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. వరుసలో పేర్చిన జాబితాలో ఒక పేరును వెదకాలంటే నడిమికి తెరిచి, ముందో వెనకో తేల్చుకొని, మళ్ళీ ఆ సగాన్ని సగం చేసి చూస్తాం. నిఘంటువు చూసేవారందరూ చేసే పనే. దీని మొదటి ప్రచురణ 1946లోనే వచ్చినా, తప్పులేని ప్రచురణ 1962 దాకా రాలేదని కనూత్ రాశాడు. 1980లలో జాన్ బెంట్లీ వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లకు ఈ లెక్కనే ఇస్తే, నూటికి తొంభైమంది రాసినదాంట్లో తప్పు దొరికింది. కనుక చేవ్రాత ప్రమాదం, లైబ్రరీయే శరణ్యం అనుకొంటాం కదా. 2006 జూన్‌లో జాషువా బ్లాక్ ఒక ప్రకటన చేశాడు. జావా భాష లైబ్రరీలో తాను స్వయంగా రాసిపెట్టిన ఇదే ప్రోగ్రాములో తొమ్మిదేళ్ళుగా ఒక తప్పు దాగి ఉందని, అది బెంట్లీ తన పుస్తకంలో సరైనదని నిరూపించి చూపిన రూపం నుంచే వచ్చిందని. రెండు సంఖ్యలను కూడి సగం చేసే చోట, జాబితా మరీ పెద్దదైతే, ఆ మొత్తం సంఖ్య పట్టే గదిని దాటి పొంగిపోతుంది. కోట్లమంది వాడారు. తొమ్మిదేళ్ళు. ఎవరూ లోపలికి తొంగిచూడలేదు, చూసినా కనబడలేదు.

ఇంగ్లీషులో రాసుకొనేవారికి ఈ పేచీ అభిరుచికి సంబంధించినది. ఇష్టమైతే రాసుకోవచ్చు, లేకపోతే తెచ్చుకోవచ్చు. తెలుగులో రాయదలచిన మాకు ఆ వెసులుబాటు కూడా లేదు. సీడాక్ వారి జిస్ట్ కార్డూ, 1991 నాటి ఇస్కీ ప్రమాణమూ ఉన్నమాట నిజమే గాని, అవి మా మేడగది మెట్లెక్కలేదు. తెచ్చుకొందామన్నా భాండారం లేనిచోట చేవ్రాతే గతి.

(ఇక్కడ మా ప్రాంతపు పెద్దాయనను ఒకరిని తలచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోబూనినప్పుడు ఆయనకు వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని, వింటూ రాసుకొంటూ నేర్చారు. ఆ రాతలే పెరిగి పెరిగి 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర-ఇంగ్లీషు కోశంగా అచ్చయినాయి. తరువాతి వారికి అవి భాండారం. ఆయనకు మాత్రం అది చేవ్రాతే.)

తెలుగు వారిలో ఆ పని మొదట చేసినవారు సముద్రాలకు అవతల ఉన్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు 1990ల తొలినాళ్ళలో, ఇంగ్లీషు మీటలతో తెలుగును నిస్సందేహంగా రాయగల ఒక పద్ధతిని ఏర్పరిచారు. ఆర్టీఎస్ అని మనమందరం పిలుచుకొన్నది అదే. దానినుంచి తెలుగు లిపిని తీసే ప్రోగ్రామునూ వారే రాశారు. అప్పట్లో వార్తాసమూహాలలో పద్యాలు పంచుకొన్నవారికి అది పలకా బలపమూ.

ఇక్కడ దేశంలో పత్రికలు అంతర్జాలం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఎవరి కోడు వారిది అయింది. ఇంగ్లీషు అక్షరాల గడులలో తెలుగు ముక్కలను కూర్చి ఫాంటు చేయడం అప్పటి పద్ధతి. ఉన్నవి 256 గడులు, అందులో సగం వాడడానికి పనికిరావు. మనకు గుణింతాలు, ఒత్తులు, కలిసిపోయిన రూపాలూ చూస్తే ఎన్ని వందలో! ఎవరికి తోచినట్టు వారు సర్దారు. ఈనాడులో ఒక గడిలో ఉన్న 'కి' వార్తలో ఇంకెక్కడో ఉంటుంది. ఒక పత్రిక ఫాంటుతో మరో పత్రిక తెరిస్తే అది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. 'కోట' అని వెదికితే ఏ యంత్రానికీ దొరకదు, ఎందుకంటే దాని దృష్టిలో అక్కడ కోట లేదు, కొన్ని ఇంగ్లీషు గుర్తులు మాత్రమే ఉన్నాయి.

పత్రికలను అనేముందు నా సంగతి కూడా చెప్పాలి. 1998లో నేనూ ఒకటి చేశాను. గళ్ళ పుస్తకంలో ఒక్కొక్క అక్షరాన్నీ గడి గడిగా నలుపు చేసి, వాటిని సంఖ్యలుగా మార్చి, డాస్‌లో తెర మీద తెలుగు చూపే చిన్న ప్రోగ్రాము. మాస్టారి శిష్యరికం వృథా పోలేదు. ఒక్క ఫంక్షను కూడా బయటినుంచి తేలేదని గర్వంగా ఉండేది. గడులు చాలలేదు. పొదుపు చేశాను. సున్నకూ అంకెలలోని సున్నకూ ఒకే గడి. అరసున్నను తీసేశాను. బండి 'ఱ'ను తీసేశాను. 'ర' ఉంది కదా. గిడుగువారి ప్రాంతపువాణ్ణి, వాడుక భాష పక్షపాతిని, శకటరేఫలతో నాకేం పని అనుకొన్నాను.

ఆ ప్రోగ్రాముతోనే 1999 వేసవిలో మా తాతగారి నోటుపుస్తకం టైపు చేశాను. అరవై పైచిలుకు పుటలు. పుణ్యగిరి శివరాత్రి జాతర, ధార కింద స్నానాలు, కరవు సంవత్సరాలు, 1960లలో కొత్తవలస నుంచి కిరండూలుకు రైలుదారి వేసేటప్పుడు కొండల్లో సొరంగాలు తొలవడం, ఇవన్నీ ఆయన తన ముత్యాల్లాంటి దస్తూరితో రాసుకొన్నారు. పాతకాలపు చదువు. ఒక్క అరసున్న తప్పేవారు కాదు. ప్రక్కన కూర్చొని, నా తెర చూసి, "ఇదేటిరా, బండి ఱ లేదూ?" అన్నారు. "గది చాలలేదు తాతయ్యా" అన్నాను. ఆయన నవ్వి ఊరుకొన్నారు.

కొన్నేళ్ళకు యూనికోడు వచ్చింది. వచ్చిందంటే, ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గాని, మన ఇళ్ళకు రావడానికి విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు దాకా పట్టింది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నియంత్రణ పలకలో ఎక్కడో మారుమూల ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి, యంత్రాన్ని మళ్ళీ లేపితే తప్ప తెలుగు కనబడేది కాదు. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు దించుకొని పండగ చేసుకొన్న రోజులవి.

అప్పుడు కూడా పాత అలవాటు చొప్పున నా సొంత లిప్యంతరీకరణ ప్రోగ్రాము నేను రాయబోయాను. ఇంగ్లీషు మీటలకు తెలుగు అక్షరాల పట్టిక వేసి, ఒకదాని బదులు ఒకటి పెట్టడమే కదా అనుకొన్నాను. పరీక్షకు మా ఊరి పేరే కొట్టాను. శ్ఋంగవరపుకోట అని వచ్చింది. హల్లు తరువాత అచ్చు వస్తే అచ్చును కాదు, గుణింతపు గుర్తును పెట్టాలి. హల్లు తరువాత హల్లు వస్తే నడుమ పొల్లు పెట్టాలి. మాట చివర మిగిలిపోతే పొల్లుతో వదిలేయాలి. అంటే ప్రతి మీటకూ ముందు ఏం నొక్కారో గుర్తుంచుకోవాలి. ఒకటో తరగతిలో నేర్చుకొన్న గుణింతం ఒక యంత్రమని నాకు అప్పుడు తెలిసింది. అది సర్దాను. తరువాత 'సాఫ్ట్‌వేర్' దగ్గర చిక్కుపడ్డాను. ట, వ కలిసి ఒత్తు పడిపోయి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రెంటినీ విడదీయడానికి యూనికోడులో బొమ్మలేని ఒక అక్షరం ఉందని, దానికి వెడల్పు కూడా సున్నయేనని నాకు తెలియదు. మూడు వారాలు పోయాయి.

ఆ మూడు వారాలూ వృథా అని ఇప్పటికీ అనను. కాని అప్పటికే ఆ పని చక్కగా చేసిన మనిషి ఉన్నాడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిన వెన్న నాగార్జునగారు, పత్రికల తలో రకం ఫాంటు కోడునూ యూనికోడులోకి మార్చే 'పద్మ' అనే పొడిగింతను ఫైర్‌ఫాక్స్‌కు రాశారు. ఒక్కొక్క పత్రిక పట్టికనూ విప్పి, ఏ గడిలో ఏ ముక్క ఉందో తెలుసుకొని, విరిగిన ముక్కలనుంచి అక్షరాన్ని మళ్ళీ కట్టడం ఎంతటి చాకిరీయో, ఒక్క పట్టిక చేసిన నాకు తెలుసు. ఆర్టీఎస్‌ను తెలుగులోకి మార్చే పనీ పద్మకు వచ్చు. 2006లో వీవెన్‌గారు లేఖిని తెచ్చినప్పుడు ఆ యంత్రాన్ని మళ్ళీ కనిపెట్టలేదు. పద్మనే లోపల పెట్టి, దానికి ఒక తెల్లని పుటను, పైన రాస్తే కింద తెలుగు కనబడే రెండు పెట్టెలనూ ఇచ్చారు. దించుకోవడం లేదు, స్థాపించుకోవడం లేదు. మనలో ఎంతమంది తొలి వాక్యం అక్కడ పుట్టిందో లెక్క వేయగలమా? నేను నా సొంత యంత్రాన్ని మూలన పెట్టి లేఖినిలోనే రాయడం మొదలుపెట్టాను. మొదట కొంచెం నామోషీగా అనిపించింది. రెండు రోజులకు పోయింది.

లోపల ఏముందో తెలిసినవాడు లైబ్రరీని వాడడానికీ, తెలియనివాడు వాడడానికీ తేడా మామూలు రోజుల్లో కనబడదు. పాడైన రోజున కనబడుతుంది. 2016 మార్చిలో ఒక రచయిత కోపగించి, మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చే పదకొండు వరుసల ముక్కను ఉమ్మడి కొట్టునుంచి తీసేస్తే, దేశదేశాల ప్రోగ్రాములు కట్టడం ఆగిపోయింది. మా మాస్టారు ఒక పూటలో రాయించే పాఠం అది. మన భాషకు సంబంధించిన ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని ప్రపంచమంతా వార్త. అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలోని మొదటి అక్షరమే! సందేశంలో వచ్చినా, శీర్షికలో కనబడినా, ఆ అప్లికేషను చతికిలపడేది. అన్నీ ఒకే అక్షరలేఖన లైబ్రరీ మీద ఆధారపడ్డాయి గనుక అన్నీ ఒకేసారి పడ్డాయి. సరిగ్గా టైపు చేసిన 'జ్ఞా' ఏ ఫోనునూ ఏమీ చేయలేదన్న సంగతి మాత్రం వార్తలలో పెద్దగా రాలేదు. జ, పొల్లు, ఞ అయిన తరువాత, ఆకారపు గుర్తుకు ముందు, అక్కడ అవసరం లేని అతిథి ఒకటి దూరి ఉంది. నా మూడు వారాలు తినేసిన ఆ బొమ్మలేని అక్షరమే! చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టయింది. తెలుగు మీద నింద వచ్చిందని బాధపడుతున్న మిత్రులకు ఆ రాత్రి కూర్చొని విడమరచి చెప్పగలిగాను. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ పంపింది. ఒక్కచోట దిద్దితే అందరి ఫోన్లూ బాగుపడ్డాయి. అదీ లైబ్రరీ మహిమే, కాదనకూడదు.

ఈ కోవలోదే ఇంకొక సంగతి, మన తొలినాటి రాతగాళ్ళు ఎక్కువమంది ఎరగనిది. ఇప్పుడు లినక్సులో, ఆండ్రాయిడులో, చాలా విహారిణులలో తెలుగు అక్షరాలను కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి లైబ్రరీ. అందులో భారతీయ లిపుల భాగాన్ని బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ అనే ఇరానీ మూలాల ప్రోగ్రామరు తిరిగి రాసినప్పుడు, ఆయా భాషల వికీపీడియాలలోని మాటలన్నీ తీసి, ఒక్కొక్కటీ తన లైబ్రరీ ఎలా కూరుస్తోందో, విండోస్ ఎలా కూరుస్తోందో పోల్చి చూశాడు. వాటిలో తెలుగూ ఉంది. అంటే 2005లోనో 2006లోనో ఏ అర్ధరాత్రో లేఖినిలో టైపు చేసి మన మిత్రులు వికీలో పెట్టిన ఊళ్ళ పేర్లు, పండ్ల పేర్లు ఆ యంత్రానికి పరీక్షాపత్రం అయ్యాయన్నమాట. మా శృంగవరపుకోట కూడా ఆ పరీక్షలో ఉండే ఉంటుందని నేను అనుకొంటూ ఉంటాను. ఈ రోజుల్లో అడిగితే ప్రోగ్రామునే రాసిచ్చే యంత్రాలు వచ్చాయి. అవి నేర్చుకొన్నదీ పదిమంది చేవ్రాతలనుంచే.

ఇంతకీ తాతగారి నోటుపుస్తకం. టైపు చేసేశాను కదా అన్న ధీమాతో దాన్ని ఊళ్ళో అటక మీదే వదిలేశాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు పెంకులు లేచిపోయి, అటక తడిసింది. సిరా పుస్తకం. విప్పి చూస్తే నీలిరంగు పుటలు తప్ప ఏమీ మిగలలేదు. ఫ్లాపీ నుంచి ఎప్పుడో ఎత్తిపెట్టుకొన్న ఫైలు మాత్రం ఉంది. దానిని చదివే ప్రోగ్రాము లేదు, ఫాంటు లేదు. పట్టిక తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కణ్ణే, నాకూ సగం మరుపే. పద్మ ఈనాడును చదవగలదు, వార్తను చదవగలదు, నన్ను చదవలేదు.

గళ్ళ పుస్తకం దొరికింది. దాన్ని పట్టుకొని పదిహేను రోజులు కూర్చొని, నా పాత కోడునుంచి యూనికోడుకు మార్చే ప్రోగ్రాము రాశాను. ఈసారి కావలసిన లైబ్రరీలన్నీ వాడుకొన్నాను. అరవై పుటలూ వచ్చాయి. వెదికితే కోట దొరుకుతోంది, పుణ్యగిరి దొరుకుతోంది. సున్నలనూ అంకెల సున్నలనూ సందర్భాన్ని బట్టి విడదీశాను. అరసున్నలు చాలావరకు వ్యాకరణం చూసి పెట్టుకోవచ్చు. బండి ఱ దగ్గరా నిఘంటువు చాలావరకు ఆదుకొంది.

కరవు సంవత్సరాల పుటలో ఒక వాక్యం ఉంది. "ఆ యేడు ఆషాఢము వెళ్ళేదాకా మా ఏరు కదలలేదు" అని. బండి ఱతో రాస్తే ఏఱు, నీళ్ళు పారేది. సాధు రేఫతో రాస్తే ఏరు, ఎద్దులు కట్టిన అరక. వాగులో నీరు రాలేదన్నారో, పొలంలో అరక కదలలేదన్నారో. ఆయన సరిగ్గానే రాసి ఉంటారు, ఎప్పుడూ తప్పేవారు కాదు. యూనికోడులో రెండింటికీ చోటు ఉంది. నా గళ్ళ పుస్తకంలో మాత్రం ఒకే గడి ఉంది, అందులో 'ర' అని ఉంది.